రంపం పెట్టేనాటికే తేలిన నగిషీ: 18వ శతాబ్దపు ఇంగ్లిష్ మహాగని చేతుల కుర్చీని పరిశీలించే విధానం

18వ శతాబ్దం మధ్యకాలంలో, అంటే సుమారు 1740 నుంచి 1765 వరకు, లండన్‌లోనూ ఇతర ఇంగ్లిష్ పట్టణాల్లోనూ తయారైన మహాగని చేతుల కుర్చీని మ్యూజియంలోనో వేలంశాలలోనో చూసినప్పుడు ఎవరి కళ్ళైనా ముందు నగిషీ మీదే నిలుస్తాయి. ముందు కాలి మోకాలి వంపు మీద విచ్చుకున్న ఆకు, బంతిని బిగించి పట్టిన గోళ్ళ పాదం, మెలికలుగా చిల్లులు తీసిన వీపు పలక అలా ఆకట్టుకుంటాయి. అయితే ఈ నమూనాను 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దం తొలి దశకాల్లోనూ విరివిగా మళ్ళీ తయారుచేశారు. సాదా పాత కుర్చీలకు తర్వాతి కాలంలో నగిషీ చెక్కి ధర పెంచినవీ, చేతులు లేని కుర్చీలకు చేతులు తగిలించి మార్చినవీ కూడా నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కనుక నగిషీ ఎంత అందంగా ఉందన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఆ నగిషీకి కావలసిన చెక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ఆలోచన మీదే ఆధారపడి ఉంది. నిజమైన పాత కుర్చీలో ఆకు ఎక్కడ లేవాలో, గోరు ఎంత ముందుకు రావాలో దుంగ మీద రంపం పెట్టకముందే నిర్ణయమైపోయింది. కుర్చీ పనివాడు ఆ మేరకు చెక్కను మిగిల్చి చట్రం కోస్తే, నగిషీ పనివాడు ఆ మిగిల్చిన చెక్కలోనే తన పని చేశాడు. ఆనాటి లండన్‌లో చట్రం చేసేవారు, నగిషీ చెక్కేవారు, సీటుకు మెత్త కట్టేవారు వేర్వేరు వృత్తులవారు. ఒకరి పని మరొకరి చేతికి వెళ్ళేటప్పుడు ఎంత చెక్క వదలాలన్న లెక్క తప్పకూడదు. ఆ లెక్క కుర్చీ ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తుంది, దాన్ని చదవడం నేర్చుకోవచ్చు.

పరిశీలనకు సిద్ధం కావడం

కొలత టేపు, చిన్న టార్చిలైటు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, నేల మీద పరచడానికి ఒక మందపాటి దుప్పటి ఉంటే చాలు. పట్టపగటి వెలుతురులో, కిటికీకి పక్కగా కుర్చీని ఉంచాలి. ఎదురుగా పడే వెలుగులో చెక్కడం చదునుగా కనిపిస్తుంది, ఏటవాలుగా పడే వెలుగులో ఉలి గాట్లు, ఎత్తుపల్లాలు తేటతెల్లమవుతాయి. కుర్చీని చేతులు పట్టుకొని గానీ పై పట్టీ పట్టుకొని గానీ ఎత్తకూడదు, సీటు కింద ఇరుపక్కల పట్టీలను పట్టి ఎత్తాలి. రెండున్నర శతాబ్దాల నాటి సరేసు (జిగురు) అతుకు ఒక్క గుంజుకే విడిపోవచ్చు. యజమాని అనుమతి లేకుండా తిరగెయ్యకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అయితే తిరగేసి చూడనివ్వని దుకాణంలో కొనకపోవడమే మంచిదని నా సలహా.

భాగాల పేర్లు ముందుగా స్థిరపరచుకుందాం. ముందు కాళ్ళు రెండూ విడి ముక్కలు. వెనుక కాలు మాత్రం నేల నుంచి వీపు పైదాకా ఒకే చెక్కలో కోసింది. సీటుకు పైనున్న దాని భాగాన్ని ఇక్కడ వెనుక నిలువు అంటాను. రెండు నిలువులను పైన కలిపేది పై పట్టీ. వాటి నడుమ నిలబడి వెన్నుకు ఆనేది వీపు పలక. ఆ పలక అడుగుభాగం దిగే చిన్న దిమ్మెను ఇంగ్లిష్ పనివారు షూ అంటారు. సీటు చుట్టూ నాలుగు పట్టీలు ఉంటాయి, వాటి చివర కుసులు, అంటే సన్నగా కోసిన కొనలు, కాళ్ళ బెజ్జాల్లో దిగి ఉంటాయి.

మొదటి దశ: దూరంగా నిలబడి ఆకారాన్ని చూడటం

ఏడెనిమిది అడుగుల దూరం నుంచి ముందువైపు, పక్కవైపు, వెనుకవైపు చూడాలి. సీటు ముందు వెడల్పుగానూ వెనుక సన్నగానూ ఉంటుంది. వెనుక కాళ్ళు నేలకు చేరేచోట కాస్త వెనక్కి వాలి ఉంటాయి. కూర్చున్న మనిషి వెనక్కి ఒరిగినప్పుడు కుర్చీ వెనక్కి పడిపోకుండా కాపాడేది ఆ వాలే. ముందు కాళ్ళు మోకాలి దగ్గర బయటికి ఉబ్బి, చీలమండ దగ్గర లోపలికి నడిచి, పాదం దగ్గర మళ్ళీ బయటికి వస్తాయి. కాబ్రియోల్ అని పిలిచే ఈ వంపు ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం ఆరంభంలో స్థిరపడింది, 1760 దశకంలో నిటారు కాళ్ళు జోరందుకునేదాకా మంచి కుర్చీలకు గుర్తుగా నిలిచింది.

ఇక్కడే థామస్ చిప్పెండేల్ పేరు వస్తుంది. యార్క్‌షైర్‌లోని ఆట్లీలో 1718లో పుట్టిన ఆయన లండన్ సెయింట్ మార్టిన్స్ లేన్‌లో కార్ఖానా పెట్టి, 1754లో ఫర్నిచర్ నమూనాల గ్రంథాన్ని ప్రచురించారు. దాని రెండో ముద్రణ 1755లోనూ, మార్పులతో మూడోది 1762లోనూ వచ్చాయి. ఆ బొమ్మల ఆధారంగా దేశమంతటా ఎందరో పనివారు కుర్చీలు చేశారు, కాబట్టి ఆ శైలిలో ఉన్నంత మాత్రాన అది ఆయన కార్ఖానా పని అనడానికి వీల్లేదు. ఆయన పనిగా గట్టిగా చెప్పగలిగినవి చాలావరకు బిల్లులు, ఉత్తరాలు మిగిలిన ఇళ్ళలోవే: డంఫ్రీస్ హౌస్, నాస్టెల్ ప్రయరీ, హేర్‌వుడ్ హౌస్. మరో విశేషం, అమ్మకందారులు చిప్పెండేల్‌తో ముడిపెట్టే గోళ్ళ పాదం ఆయన నమూనాల గ్రంథంలో లేదు. అందులోని వంపు కాళ్ళు చుట్ట తిరిగిన అంచులతో ముగుస్తాయి. గోళ్ళ పాదం అంతకుముందు తరం నుంచి నడుస్తూ వచ్చిన ఫ్యాషన్, 1750 దశకంలో కూడా చాలామంది గిరాకీదారులు దాన్నే కోరుకున్నారు.

రెండో దశ: చెక్కను గుర్తుపట్టడం

మహాగని మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. వెస్టిండీస్ దీవుల్లో, ముఖ్యంగా జమైకా, క్యూబా, హిస్పానియోలాల్లో పెరిగిన జాతి కలప గట్టిది, బరువైనది. హోండురాస్ తీరం నుంచి 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఎక్కువగా వచ్చిన పెద్దాకు మహాగని దానికన్నా తేలిక, రంగులోనూ కాస్త లేత. 1721లో బ్రిటిష్ పార్లమెంటు నౌకానిర్మాణ సరుకుల కోసం చేసిన చట్టంలో, తన అమెరికా వలసల నుంచి వచ్చే కలపపై దిగుమతి సుంకం ఎత్తివేయడంతో జమైకా మహాగని లండన్ రేవుకు పెద్ద ఎత్తున రాసాగింది. అప్పటిదాకా మంచి కుర్చీలకు వాడిన వాల్‌నట్ క్రమంగా వెనకబడింది. ఆ దుంగలను అడవిలో నరికి నదులదాకా లాగినవారు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, వారి సంతతి. కుర్చీ పనితనాన్ని మెచ్చుకునే చోట ఈ సంగతినీ చెప్పడం న్యాయమని నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ చెక్క లేకపోతే ఆ పనితనమూ లేదు.

ఎందుకు లేదంటే, కుర్చీ రూపమే ఈ చెక్క గుణాన్ని బట్టి మారింది. మహాగని వెడల్పాటి పలకలుగా దొరుకుతుంది, ఆరిన తర్వాత పెద్దగా వంకర పోదు, దాని చేవకు పురుగు అంత తేలికగా పట్టదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సన్నని పట్టీగా మిగిల్చినా విరగకుండా నిలిచి, ఉలి అంచును పదునుగా నిలబెడుతుంది. వీపు పలకలో అంత లోతుగా చిల్లులు తీసి, మెలికలు తిప్పే ధైర్యం పనివాడికి వచ్చింది ఈ బలం వల్లనే.

పరీక్ష ఇలా చెయ్యాలి. పాలిష్ లేని చోట, అంటే సీటు పట్టీ లోపలివైపో అడుగునో, భూతద్దం పెట్టి చూడాలి. వెస్టిండీస్ మహాగనిలో సన్నని రంధ్రాల వరసలు, వాటిలో కొన్నిచోట్ల సుద్దలాంటి తెల్లటి పొడి కనిపిస్తాయి. చిన్నచిన్న గోధుమరంగు చుక్కలు దట్టంగా కనిపిస్తే అది బీచ్ అనే యూరప్ చెట్టు చెక్కకు రంగు వేసినది కావచ్చు. బీచ్‌ను ఆనాటి పనివారు కూడా వాడారు, కానీ కనబడని చోట్ల, అంటే బట్ట కప్పిన సీటు పట్టీలకో సీటు చట్రానికో మాత్రమే. కాలు, చెయ్యి, వీపు బీచ్‌తో చేసి మహాగని రంగు పులిమారంటే అది వేరే తరగతి సరుకు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన దేశంలో, ముఖ్యంగా కోస్తా రేవు పట్టణాల్లో, దొరికే ఇంగ్లిష్ నమూనా కుర్చీలు చాలావరకు ఇక్కడే టేకుతోనో ఇరుగుడు చెక్కతోనో చేసినవి. వాటికి వేడికి తగినట్టు బెత్తం అల్లిక సీటు ఉండటం సాధారణం. అవి నకిలీలు కావు, వాటి చరిత్ర వాటికి ఉంది. విశాఖపట్నం పనివారు 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ నమూనాలను తీసుకొని, ఏనుగుదంతం పొదిగి, కంపెనీ దొరలకు చేసిన ఫర్నిచర్ లండన్ దాకా వెళ్ళింది. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు కొన్నారు, అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. కుర్చీ నమూనా ఇంగ్లిష్‌ది కాబట్టి కుర్చీ కూడా ఇంగ్లండ్‌దే అనుకోకూడదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన మాట.

మూడో దశ: తిరగేసి చూడటం

దుప్పటి పరచి, కుర్చీని మెల్లగా ముందుకు వంచి, వీపు పైభాగం నేలకు ఆనకుండా ఒకరి సాయంతో తిరగెయ్యాలి. అడుగుభాగాన్ని అందంగా కనబడేలా చెయ్యాలని ఆనాడు ఎవరూ ప్రయత్నించలేదు, కనుక అక్కడ పనిముట్ల జాడలు ఉన్నవి ఉన్నట్టు మిగిలాయి. గోతిలో ఒకరు, పైన ఒకరు నిలబడి లాగిన పెద్ద రంపం తిన్నని, కానీ ఒకదానికొకటి సమాన దూరంలో లేని గీతలు వదులుతుంది. గుండ్రని రంపం వదిలేవి విల్లు వంపు గీతలు, అది కలప కోతకు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. సీటు పట్టీ మీద అలాంటి వంపు గీతలు కనిపిస్తే ఆ పట్టీ గానీ, మొత్తం కుర్చీ గానీ తర్వాతిదే.

మూలలను చూడాలి. ఇంగ్లిష్ కుర్చీల్లో చాలావాటికి సీటు లోపలి మూలల్లో, ఒక పట్టీ నుంచి మరో పట్టీకి అడ్డంగా, గాడిలో దింపిన సన్నని బద్ద ఉంటుంది. దానికీ మూలకూ మధ్య ఖాళీ మిగులుతుంది. కొన్నిటికి ఆ బద్దలు పోయి ఖాళీ గాడులు మాత్రమే మిగిలి, తర్వాత ఎవరో స్క్రూలతో బిగించిన పెద్ద మూల దిమ్మెలు కనిపిస్తాయి. ఆ ఖాళీ గాడులు కుర్చీ పాతదనానికి మంచి సాక్ష్యం, కాబట్టి కొత్త దిమ్మెలు చూసి నిరాశపడనక్కర్లేదు.

స్క్రూ ఏదైనా వదులుగా ఉంటే, అనుమతి తీసుకొని ఒక్కటి విప్పి చూడటం ఎంతో ఉపయోగం. 18వ శతాబ్దపు స్క్రూ చేత్తో ఆకురాయి పెట్టి చేసినది. తలమీది గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, మరలు ఒకే లోతులో ఉండవు, కొన మొద్దుగా తెగి ఉంటుంది. సూదిమొన ఉన్న యంత్రపు స్క్రూలు 1840ల తర్వాతే ప్రచారంలోకి వచ్చాయి. అయితే స్క్రూ ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. పాత కుర్చీకి కొత్త స్క్రూ మరమ్మతులో రావచ్చు, కొత్త కుర్చీకి పాత స్క్రూ ఎవరైనా కావాలని తగిలించనూవచ్చు.

సెట్టుగా చేసిన కుర్చీల్లో, ముందు పట్టీ లోపలి అంచు మీద ఉలితో గీతలుగా కొట్టిన రోమన్ అంకె ఉంటుంది, ఊడివచ్చే సీటు చట్రం మీద కూడా అదే అంకె ఉండాలి. నాలుగో సంఖ్యను సాధారణంగా నాలుగు నిలువు గీతలుగానే కొట్టేవారు. రెండు చోట్లా అంకెలు సరిపోలితే ఆ సీటు ఆ కుర్చీదే. సరిపోలకపోతే సెట్టులోని సీట్లు ఎప్పుడో తారుమారయ్యాయని అర్థం, అది పెద్ద దోషం కాదు.

పురుగు రంధ్రాల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. పైకి కనిపించే గుండ్రని చిల్లులు పురుగు బయటికి వచ్చిన దారులు. అది తిన్న దారులు చెక్క లోపలే ఉంటాయి, పైన ఎప్పుడూ పొడవాటి గాడులుగా కనిపించవు. పట్టీ మీద పురుగు దారి సగం తెరిచిన కాలువలా కనిపిస్తే, పురుగు పట్టిన తర్వాత ఆ చెక్కను మళ్ళీ కోశారన్నమాట. అంటే అది వేరే పాత సామానులోంచి తీసుకున్న చెక్క. పాత చెక్కతో కొత్తగా కట్టిన కుర్చీలను పట్టించే గుర్తుల్లో దీనికన్నా స్పష్టమైనది నాకు తెలిసి లేదు.

నాలుగో దశ: ముందు కాలు

అందుబాటులో ఉన్న సమయంలో సగం ఈ ఒక్క భాగానికే కేటాయించినా నష్టం లేదు.

వంపు కాలు చెయ్యడానికి పనివాడు సుమారు మూడు అంగుళాల చదరపు మందం ఉన్న మహాగని దిమ్మె తీసుకొని, పక్కపక్కనున్న రెండు ముఖాల మీద ఒకే వంపు గీత గీసి, సన్నని రంపంతో రెండు వైపుల నుంచీ కోసి, తర్వాత ఉలితో, ఆకురాయితో గుండ్రదనం తెచ్చేవాడు. ఎంత మహాగని తునకలుగా పోతుందో ఊహించుకోవచ్చు. వంపు కాలు ఖరీదైనదనడానికి కారణం పనితోపాటు ఆ వృథా కూడా. మోకాలి పక్కన సీటు పట్టీ కిందికి పాకే రెక్కలను మాత్రం వేరే చిన్న ముక్కలుగా చేసి సరేసుతో అతికించేవాడు, అంత వెడల్పు దిమ్మెలో రాదు కాబట్టి.

సాదా కాలుకు మోకాలి వంపు నున్నగా సాగిపోతుంది. ఆకు చెక్కవలసిన కాలుకు మోకాలి దగ్గర ఆకు మందానికి సరిపడా అదనపు చెక్కను రంపం కోతలోనే మిగిల్చేవారు. ఇప్పుడు కుర్చీ పక్కన కూర్చొని, మోకాలి మీద అరచేయి పెట్టి, పై నుంచి కిందికి మెల్లగా జరపాలి. నిజమైన పనిలో ఆకు కాలి వంపు మీద నుంచి పైకి లేచి ఉంటుంది, చెయ్యి దాని మీదికి ఎక్కి, ఆకు చివర దగ్గర మళ్ళీ కాలి మీదికి దిగుతుంది. తర్వాతి కాలంలో సాదా కాలు మీద చెక్కిన ఆకైతే చేతికి ఎత్తు తగలదు. దాని అత్యున్నత స్థానం కాలి పాత వంపుతో సమంగానే ఉంటుంది, చుట్టూ ఉన్న చెక్క మాత్రం లోతుగా తవ్వి ఉంటుంది. పక్కనుంచి చూస్తే మోకాలు పలచబడినట్టు, ఆకు కాలిలోకి కుంగినట్టు కనిపిస్తుంది. చెక్కను తీసెయ్యడం ఎవరికైనా సాధ్యమే, తీసేసిన చెక్కను తిరిగి పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఇది ఇంత నమ్మదగిన పరీక్ష.

తర్వాత ఆ ఆకునే దగ్గరగా చూడాలి. ఇది అకాంథస్ అనే మొక్క ఆకు రూపం; దాని మధ్య ఈనె మోకాలి అంచు వెంబడి దిగుతుంది, రెండు వైపులా తమ్మెలు విడివడి అంచులు కొద్దిగా తిరగబడతాయి. మంచి పనివాడి చేతిలో ఎడమ తమ్మె, కుడి తమ్మె ఒకేలా ఉన్నట్టు కనిపించినా కొలిస్తే ఒకటి కావు. వంపు ఉలి ఒక్క ఊపులో వెళ్ళిన చోట గాటు అడుగు నున్నగా మెరుస్తుంది, ఉలి ఆగి దిశ మార్చిన చోట సన్నని మెట్టు ఉంటుంది. యంత్రం మీద నమూనా పట్టి చెక్కి, చేత్తో పైపైన సవరించిన పనిలో గాట్లన్నీ ఒకే లోతులో, ఒకే గుండ్రదనంతో ఉండి, ఆకు జీవం లేకుండా కనిపిస్తుంది. మరో సంగతి, ఆకు మోకాలి మీద నుంచి పక్క రెక్కలమీదికి పాకే చోట అతుకు గీతను చూడాలి. అతికించిన తర్వాతే చెక్కారు కనుక ఆకు గీత ఆ అతుకును దాటి ఆగకుండా వెళ్ళాలి. అతుకు దగ్గర ఆకు తెగి, అవతల మరో తీరులో మొదలైతే ఆ రెక్క తర్వాత వేసింది.

పాదం దగ్గర గోళ్ళు బంతిని నిజంగా నొక్కి పట్టినట్టుండాలి. వేలి కణుపులు ఉబ్బి, గోరు కొన బంతిలోకి దిగినట్టు, వేళ్ళ మధ్య బంతి నున్నగా కనిపించాలి. బంతి పూర్తి గుండ్రం కాకుండా కొద్దిగా అణగి ఉండటం సహజం. నకళ్ళలో తరచు బంతి పెద్దదై, వేళ్ళు దాని మీద ఊరికే ఆనించినట్టుంటాయి. పాదం అడుగున రాపిడితో వచ్చిన నలుపు, చిన్న చక్రాలు తగిలించిన పాత రంధ్రాలు, వాటిని పూడ్చిన బిరడాలు కనిపించవచ్చు. పాదం ఎత్తు తగ్గినట్టు అనుమానం ఉంటే నాలుగు కాళ్ళనూ కొలవాలి. తడి నేల మీద కుళ్ళిన పాదాలను కోసి కొత్త ముక్క అతికించడం ఉంది.

అయిదో దశ: వీపు

వెనుక నిలువులు నేల నుంచి పైదాకా ఒకే చెక్క అని చెప్పుకున్నాం. సీటు మట్టం దగ్గర ఏటవాలు అతుకు కనిపిస్తే అది విరిగి అతికిన కాలు. ఈ అతుకు మంచి పనివాడు చేసినదైతే కుర్చీ బలానికి లోటు ఉండదు, విలువ మాత్రం తగ్గుతుంది.

వీపు పలక అడుగు దిగే షూ ముక్క, వెనుక సీటు పట్టీ వేర్వేరుగా ఉండటం ఆనాటి ఇంగ్లిష్ పద్ధతి. పలకను పైన పట్టీ బెజ్జంలోనూ కింద షూలోనూ నిలబెట్టి, కింద సరేసు వెయ్యకుండా వదిలితే, ఋతువును బట్టి చెక్క పొంగినా కుంచించుకున్నా పలక పగలదు. షూ, వెనుక పట్టీ ఒకే చెక్కలో చేసి ఉంటే 19వ శతాబ్దపు నకలేమోనని అనుమానించాలి. పక్క పట్టీ కుసి వెనుక కాలిని దాటి వెనక బయటికి కనిపిస్తే అమెరికాలోని ఫిలడెల్ఫియా పనివారి అలవాటు గుర్తొస్తుంది, ఇంగ్లండ్‌లో అది అరుదు.

చిల్లుల పలకను వెనుక నుంచి కూడా చూడాలి. మంచి పనిలో చిల్లుల అంచులను వెనుకవైపు ఏటవాలుగా చెక్కి తీసేసేవారు. ముందునుంచి చూసినప్పుడు మెలికలు సన్నగా, తేలికగా కనిపించేది అందువల్లే, వెనుక మాత్రం ఉలి, ఆకురాయి గాట్లు దిద్దకుండా ఉంటాయి. వెనుక కూడా అద్దంలా నున్నగా ఉంటే ఎవరో తర్వాత రుద్దారు, లేదా యంత్రం చేసింది. పై పట్టీలో నగిషీ నిలువు మీదికి దిగే చోట కూడా, మోకాలి దగ్గర చెప్పినట్టే, గీత అతుకును దాటి తెగకుండా సాగాలి.

ఆరో దశ: చేతులు మొదటినుంచీ ఉన్నవేనా?

చేతులు లేని కుర్చీ కన్నా చేతుల కుర్చీకి ధర చాలా ఎక్కువ కాబట్టి మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. టేపుతో సీటు ముందు వెడల్పు కొలవాలి. చేతులు తగిలించాలంటే మనిషి తొడలకు చోటు కావాలి కనుక, అదే సెట్టులోని చేతులు లేని కుర్చీ కన్నా చేతుల కుర్చీని రెండు అంగుళాలైనా వెడల్పుగా, వీపునూ అందుకు తగినట్టు పెద్దదిగా చేసేవారు. 20, 21 అంగుళాల సీటుకు చేతులు ఉంటే కారణం అడగాలి. 23, 24 అంగుళాలు ఉంటే మొదటి పరీక్ష నెగ్గినట్టే.

చెయ్యి కింద నిలిచే కొమ్మ ముందు కాలి మీద కాకుండా కొంత వెనక్కి, పక్క పట్టీ బయటి ముఖానికి గాడి తీసి ఆనించి, లోపలి నుంచి స్క్రూ వేసి బిగించి ఉంటుంది. సీటు చట్రం ఊడదీసి ఆ స్క్రూల చుట్టూ చెక్క రంగు చూడాలి. గాడి లోపలి చెక్క పక్క పట్టీ మిగతా భాగమంత ముదిరి ఉంటే మంచి గుర్తు, లేతగా పచ్చిగా ఉంటే చేతులు కొత్తవి. చెయ్యి వెనుక నిలువుకు చేరేచోట నిలువు వెనుక స్క్రూ తలను కప్పిన చిన్న బిరడా ఉండటం మామూలే. చివరగా చెయ్యిని, మోకాలి ఆకును పక్కపక్కన పోల్చాలి. రెండింటిలో ఒకే చేతి పని కనిపించాలి.

ఏడో దశ: పైపూత, అరుగుదల, సీటు

ఈ కుర్చీలకు మొదట వాడింది నూనె, తేనెమైనం. ఎర్రదనం కోసం అల్కనెట్ వేరు వేసి కాచిన అవిసె నూనె రుద్దడం ఆనాటి వాడుక. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దే ఫ్రెంచి పాలిష్ ఇంగ్లండ్‌లో సుమారు 1820 తర్వాతే వ్యాపించింది. ఆ లక్క మన దేశం నుంచి వెళ్ళినదే, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ అదే లక్క. కనుక 1750ల కుర్చీ మీద గాజులా మెరిసే పూత ఉంటే అది తర్వాతిది. దాన్ని గీకి తీసి మళ్ళీ పాలిష్ కొట్టించిన కుర్చీలో రెండు శతాబ్దాల నూనె, మైనం, చేతుల మురికి, ఎండ కలిసి ఇచ్చిన లోతైన రంగు ఉండదు, అది తిరిగి రాదు కూడా. అతిగా శుభ్రం చేసిన కుర్చీ కన్నా, ఒకటి రెండు పగుళ్ళు, పాత అతుకు ఉన్నా పై రంగు చెడని కుర్చీనే నేను ఎంచుకుంటాను.

అరుగుదల ఎక్కడ ఉండాలో ఆలోచించి చూడాలి. అరచేయి ఆనే చేతి చివర, మడమ తగిలే ముందు పాదం, గోడకు రాసుకునే పై పట్టీ వెనుక భాగం, నగిషీలో అన్నిటికన్నా పైకి లేచిన అంచులు ముందు అరుగుతాయి. ఎవరి చెయ్యీ తగలని లోతుల్లో మురికి నల్లగా మిగులుతుంది. లోతుల్లో, ఎత్తుల్లో, అడుగున ఒకే రంగు ఉంటే అది బ్రష్‌తో వేసిన రంగు.

సీటు బట్ట, లోపలి మెత్త సాధారణంగా చాలాసార్లు మారి ఉంటాయి, అందులో తప్పు లేదు. నవారు, గోనె, గుర్రపు వెంట్రుకలు అసలు పద్ధతి. స్ప్రింగులు కనిపిస్తే అవి 19వ శతాబ్దంలో చేరినవి. పట్టీ మీద బట్ట మేకుల రంధ్రాలు దట్టంగా, పాత వాటి మీద కొత్తవి పడుతూ ఉండాలి. ఒక్క వరస రంధ్రాలే ఉన్న పట్టీ ఒక్కసారే బట్ట ఎరిగింది.

ఎనిమిదో దశ: సాక్ష్యాలను కూడి తీర్పు చెప్పడం

ఆనాటి ఇంగ్లిష్ కుర్చీల మీద చేసినవారి పేరు చాలా అరుదు. క్లర్కెన్‌వెల్‌లో కార్ఖానా నడిపిన జైల్స్ గ్రెండే వంటి కొద్దిమంది కాగితపు చీటీలు అంటించారు, కొన్ని పట్టీల మీద కూలి పనివారి పొడి అక్షరాలు కొట్టి ఉంటాయి. పేరు లేకపోవడం లోపం కాదు. పేరుందని అమ్మకందారు చెబితే బిల్లు గానీ ఇంటి జాబితా గానీ చూపమనాలి.

తీర్పు చెప్పేటప్పుడు సాక్ష్యాల బరువు ఒకటి కాదు. మోకాలి మీది ఆకు ఎత్తు, సీటు వెడల్పు, తిరిగి కోసిన పురుగు దారులు, రంపం గీతలు, ఇవి మొదటి వరసలో నిలుస్తాయి, ఎందుకంటే తర్వాత వీటిని సృష్టించడం గానీ దాచడం గానీ కష్టం. స్క్రూలు, మూల దిమ్మెలు, బట్ట, పాలిష్ రెండో వరస, ఇవి మారిపోతాయి. మొదటి వరసలో ఒక్కటి తేడా వచ్చినా అడిగిన ధర ఇవ్వకూడదు. రెండో వరసలో నాలుగు తేడాలున్నా భయపడనక్కర్లేదు.

చూసినదంతా ఆ రోజే రాసిపెట్టుకోవాలి: నాలుగు వైపుల కొలతలు, అడుగుభాగం, మోకాలి పక్కచూపు, స్క్రూ, అంకె గీతల ఫోటోలు, మరమ్మతులున్న చోట్లు. కొంటే రసీదు మీద శైలి పేరు మాత్రమే కాక తయారైన కాలం కూడా రాయించుకోవాలి. ఒక శైలిలో చేసిన కుర్చీ ఏ కాలంలోనైనా తయారై ఉండవచ్చు, తేదీ రాసిన అమ్మకందారు మాత్రం దానికి బాధ్యుడవుతాడు. మన దేశంలో కొన్న పాత కుర్చీని విదేశాలకు తీసుకెళ్ళదలచినవారు, నూరేళ్ళు నిండిన కళాత్మక వస్తువుల ఎగుమతిని 1972 నాటి పురావస్తువుల చట్టం కట్టడి చేస్తుందని గుర్తుంచుకొని, డబ్బు చెల్లించకముందే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధికారులను సంప్రదించాలి.